శిశువులు పుట్టు వేళ

గడియారమునందలి సెకనుల ముల్లు ఒక్కమారు కదలునంతలో ప్రపంచమున ఎక్కడనో నలుగురు శిశువులు కన్ను తెరచుచున్నారు. ఇది కవుల అతిశయోక్తి కాదు, చిన్న భాగాహారము. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారము 2024వ సంవత్సరమున భూమిపై జన్మించిన శిశువులు సుమారు 13 కోట్ల 20 లక్షలు. దినమునకు 86,400 సెకనుల చొప్పున సంవత్సరమునకు 3 కోట్ల 15 లక్షల 36 వేల సెకనులు. మొదటి సంఖ్యను రెండవ సంఖ్యచే భాగించినచో నాలుగునకు కొంచెము పైగా వచ్చును. దినమునకు లెక్కించినచో జననములు 3 లక్షల 60 వేలు. వీరిలో సుమారు 63 వేలమంది, అనగా ఆరుగురిలో ఒకరికంటె ఎక్కువ, భారతదేశమున పుట్టువారే. ఆఫ్రికాలోని నైజీరియా ఒక్కదేశమున పుట్టు శిశువులు ఐరోపా ఖండమంతట పుట్టువారికంటె అధికము.

కాని శిశువులు ముల్లును చూచి సెకనుకు నలుగురు చొప్పున వరుస తీరి రారు. కొన్ని వేళల గుంపులుగను, కొన్ని వేళల పలుచగను వత్తురు.

శిశువు భూమిపై పడిన క్షణమును గుర్తించు అలవాటు మన దేశమున అతిప్రాచీనమైనది. పురిటిగది వాకిట నిలిచిన పెద్దలు తొలి ఏడ్పు వినగానే ఘడియలు, విఘడియలు గుర్తించి వ్రాయించెడివారు. అయినను ఆ వేళ ఆ ఒక్క బిడ్డ జాతకమునకే పనికివచ్చెడిది. వేలకొలది కాన్పుల వేళలను ఒక్కచోట చేర్చి, వానియందేదైన క్రమమున్నదాయని పరిశీలించినవారిలో బెల్జియము దేశీయుడగు అడాల్ఫ్ కెట్లే ముఖ్యుడు. ఆతడు ఖగోళ శాస్త్రజ్ఞుడు. నక్షత్రములను లెక్కించు నేర్పుతోనే మనుష్యులను లెక్కించినాడు. 1811 మొదలు 1822 వరకు బ్రస్సెల్సు నగరమునందలి సెయింట్ పియర్ ఆసుపత్రిలో పుట్టిన 2,680 మంది శిశువుల లెక్కను ఆతడు ప్రకటించెను. అర్ధరాత్రి మొదలు ఉదయము ఆరుగంటల వరకు పుట్టినవారు 798 మంది. అటుపిమ్మట మధ్యాహ్నము వరకు 614. సాయంకాలము ఆరువరకు 574. మరల అర్ధరాత్రి వరకు 694. కూడి చూచినచో రాత్రి 1,492, పగలు 1,188. పగటి నాలుగు కాన్పులకు రాత్రి ఐదు కాన్పులన్నమాట.

అవి నూనెదీపముల నాటి లెక్కలు. విద్యుద్దీపములు రాత్రిని పగలు చేసిన ఈ కాలమునను ఆ క్రమము చెదరలేదు. 2005 నుండి 2014 వరకు ఇంగ్లండులో జరిగిన 50 లక్షలకు పైబడిన కాన్పులను పరిశోధకులు పరీక్షించిరి. నొప్పులు వాటంతట అవి ప్రారంభమై సహజముగా ముగిసిన కాన్పులు తెల్లవారుజామున నాలుగుగంటల ప్రాంతమున మిక్కిలి హెచ్చుగను, మధ్యాహ్నము దాటిన పిదప మిక్కిలి తక్కువగను ఉన్నట్లు తేలినది. దీనికి కారణమేమి? పూర్వము మనుష్యులు గుంపులుగా తిరుగుచు, పగలు ఆహారమునకై చెదరిపోయి, రాత్రి ఒక్కచోట చేరెడివారనియు, అందరును దగ్గర నున్న వేళ కాన్పగుట తల్లికిని బిడ్డకును క్షేమకరమై యుండుననియు కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. ఊహయే యైనను ముచ్చటైన ఊహ.

ప్రకృతి పెట్టిన ఈ వేళను శస్త్రచికిత్స తారుమారు చేసినది. అమెరికా దేశమున 2013వ సంవత్సరపు లెక్కలలో ఉదయము ఎనిమిది గంటల వేళయు, మధ్యాహ్నము పండ్రెండు గంటల వేళయు జననములతో నిండియున్నవి. ఇండ్లలో పుట్టిన శిశువులు మాత్రము పూర్వపు పద్ధతినే, తెల్లవారకమునుపే వచ్చిరి. అక్కడ ఆదివారమున పుట్టువారు అందరికంటె తక్కువ. గర్భమునందలి శిశువునకు సెలవుదిన మెట్లు తెలియును? తెలిసినది వైద్యులకు.

మన తెలుగునాట ఈ మార్పు మరింత హెచ్చు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము నూరు కాన్పులలో శస్త్రచికిత్సతో జరిగినవి తెలంగాణమున 60, ఆంధ్రప్రదేశమున 42. దేశమంతటి సగటు 21 మాత్రమే. అవసరమైనచోట శస్త్రచికిత్స తల్లికిని బిడ్డకును ప్రాణదానమే. అయితే కొందరు పంచాంగము చూపించి, ముహూర్తము పెట్టించి, ఆ ఘడియకు బిడ్డను బయటికి తీయించుచున్నారు. పూర్వము బిడ్డ పుట్టిన పిదప జాతకము వ్రాసెడివారు. ఇప్పుడు జాతకము ముందు సిద్ధమగుచున్నది, బిడ్డ దానికి సరిపడవలసి వచ్చుచున్నది! ముప్పదితొమ్మిది వారములు నిండకమునుపే ఇట్లు తీసిన శిశువులకు ఊపిరి తీయుట కష్టమగు అవకాశ మెక్కువయని వైద్యులు హెచ్చరించుచున్నారు.

కాన్పుల వేళలు తెలియుటవలన ప్రయోజనము లేకపోలేదు. సహజమైన కాన్పులు నడిరేయి దాటిన పిదప హెచ్చగునని ఎరిగిన ఆసుపత్రి, ఆ వేళకు నర్సులను, వైద్యుని, రక్తనిధిని సిద్ధముగ నుంచుకొనగలదు. వారందరు పగటివేళనే యుండి రాత్రి ఒక్క కాపలావాడు మిగిలిన ఆసుపత్రికి, తెల్లవారుజామున మూడుగంటలకు బండి దిగిన గర్భిణి గతి యేమి?

జననములను లెక్కించుటవలన తెలియవచ్చినది మరియొకటి కలదు. లండను నగరపు వర్తకుడగు జాన్ గ్రాంట్ 1662లో ప్రకటించిన గ్రంథమున, ఆడశిశువులకంటె మగశిశువులు కొంచె మెక్కువగ పుట్టుదురని చూపినాడు. నూరుగురు బాలికలకు సుమారు నూటఐదుగురు బాలురు. అనగా వేయిమంది బాలురకు ఇంచుమించు 950 మంది బాలికలు. మన దేశమున ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది బాలురకు బాలికలు 1991లో 945 మంది. 2001 నాటికి 927 మందియే. పుట్టకమునుపే ఆడపిల్లయని తెలిసికొని గర్భమును తొలగించుట ఇందుకు ముఖ్యకారణము. అట్టి పరీక్షలను నిషేధించు శాసనము 1994లో చేయబడినది. ఆ నేరములు మూసిన తలుపుల వెనుక జరిగినవి. వానిని బయటపెట్టినది జనాభా లెక్క.

లెక్కకు రాని శిశువులును కలరు. పుట్టిన ఇరువదియొక్క దినములలోపల జననమును తెలియజేయవలెనని మన దేశమున 1969లో శాసనమైనది. అయినను ప్రపంచమున ఐదేండ్లలోపు పిల్లలలో సుమారు 15 కోట్లమంది పేర్లు ఏ పుస్తకమునను ఎక్కలేదని ఐక్యరాజ్యసమితి బాలల నిధి 2024లో తెలిపినది. పూర్వము మన పల్లెలలోను ఇదే స్థితి. ఉప్పెన వచ్చిన యేడనియో, కరవు వచ్చిన యేడనియో తల్లి చెప్పెడిది. బడిపంతులు పిల్లవాని ముఖము చూచి, తనకు తోచిన తేదీ నొకదానిని పుట్టినదినముగా వ్రాసికొనెడివాడు.