ఇల్లు అమ్మబోయే ముందు



ఇల్లు అమ్మవలసిన అవసరం ఏ కుటుంబానికైనా రావచ్చు. ఆసుపత్రి ఖర్చు, పిల్లల చదువు, పెరిగిపోయిన వడ్డీ, పని కోసం పట్నానికి మారడం, కారణం ఏదైనా కావచ్చు. అమ్మడం పాపం కాదు, అవమానమూ కాదు. అయితే తల్లిదండ్రులు రెక్కలు ముక్కలు చేసుకొని నిలబెట్టిన ఇల్లు వారం రోజుల తొందరలో చేజారిపోవడం మన గ్రామాల్లో తరచు చూస్తున్నాము. ఇంటితోపాటు బంధుత్వమూ పోతుంది. ఒక కడుపున పుట్టినవారు ఒకే మందిరంలో ఎడమొహం పెడమొహంగా కూర్చుంటారు.

ఈ నష్టాలకు మూలం సాధారణంగా రెండే: తొందర, దాపరికం. ఆదికాండము 23వ అధ్యాయం చదవండి. అబ్రాహాము భార్యను పోగొట్టుకొన్న దుఃఖంలో ఉన్నాడు. సమాధికి స్థలం వెంటనే కావాలి. అయినా మక్పేలా గుహ బేరాన్ని చాటున ముగించలేదు. ఊరి గవినియొద్ద అందరూ వింటుండగా నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చాడు. పొలము, గుహ, హద్దుల లోపలి చెట్లు అన్నీ లెక్కలోకి వచ్చాయి. కొనేవానికి ఆ జాగ్రత్త ఉన్నప్పుడు అమ్మేవానికి ఉండవద్దా?

ఇల్లు ఎవరిది?

ధర గురించి ఆలోచించక ముందే ఈ ప్రశ్న వేసుకోవాలి. ఇంటి పన్ను రసీదు పెద్ద కొడుకు పేర ఉన్నంతమాత్రాన ఇల్లు ఆయనది కాదు. పన్ను రసీదు పన్ను కట్టినట్టు చూపుతుంది గాని యాజమాన్యాన్ని ఇవ్వదు.

తండ్రి వీలునామా వ్రాయకుండా ప్రభువునందు నిద్రిస్తే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తిలో మూడవ వంతు భార్యకు చెందుతుంది. మిగిలిన రెండు వంతులు కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తాయి. తండ్రికంటె ముందు చనిపోయిన బిడ్డ వాటా ఆ బిడ్డ పిల్లలకు చెందుతుంది. సర్టిఫికెట్లలో హిందువులని ఉన్న కుటుంబాల్లో కూడ, వీలునామా లేని తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా ఉంటుంది. పెండ్లి చేసి పంపించాము, ఇక ఆమెకు ఏమి సంబంధం అనడం చట్టం ముందు నిలువదు.

కనుక అమ్మనూ, అక్కచెల్లెళ్లనూ, అన్నదమ్ములనూ ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. అందరూ అమ్మకపు దస్తావేజుపై సంతకం చేయాలి. "నాకేమీ వద్దురా తమ్ముడూ" అని అక్క ప్రేమతో అన్నా, ఆ మాట రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజుగా మారాలి. వారసుల్లో మైనరు పిల్లలుంటే కోర్టు అనుమతి సంగతి వకీలును అడిగి తెలుసుకొన్న తరువాతే బేరానికి దిగండి.

స్థలం ఎటువంటిది?

మన సంఘాల్లో అనేక కుటుంబాలు ప్రభుత్వం పేదలకిచ్చిన ఇంటి పట్టా స్థలాల్లో ఉంటున్నాయి. ప్రభుత్వం కేటాయించిన భూముల బదలాయింపును నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. ఇంటి స్థలాలను ఎప్పుడు, ఏ షరతుపై అమ్మవచ్చునన్న విషయంలో నియమాలు తరువాత మారుతూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో అవి ఒక్కటి కావు. పొరుగువాని మాట నమ్మి అమ్మితే ఆ అమ్మకం చెల్లకుండా పోవచ్చు, స్థలమే తిరిగి ప్రభుత్వానికి పోవచ్చు. పట్టా కాగితం పట్టుకొని తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి అడగండి. స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రారాఫీసులో చూడండి.

గ్రామకంఠంలోని పాత ఇళ్లకు చాలావాటికి దస్తావేజులే ఉండవు. అటువంటి ఇళ్లకు డ్రోన్లతో కొలత వేసి ఆస్తి కార్డు ఇవ్వడానికి 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం స్వామిత్వ పథకం ప్రారంభించింది. మీ ఊరికి కార్డులు వచ్చాయేమో పంచాయతీలో విచారించండి.

కాగితాలు సిద్ధం చేసుకోండి

కొనేవాడు వచ్చి కూర్చున్న తరువాత ట్రంకు పెట్టె వెదకడం ఆరంభిస్తే బేరం చెడుతుంది, లేదా ధర తగ్గుతుంది. అసలు దస్తావేజు, దానికి ముందటి లింకు దస్తావేజులు, ఈసీ, తాజా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, చనిపోయినవారి మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం ఒకచోట పెట్టండి. ఇంటిపై బ్యాంకులోగాని సొసైటీలోగాని అప్పు తీసుకొని తీర్చి ఉంటే, బాకీ లేదన్న కాగితమూ, తాకట్టు రద్దయినట్టు ఈసీలో నమోదూ ఉండాలి. స్థలం టేపుతో కొలిపించి, నాలుగు హద్దులు దస్తావేజుతో సరిపోతున్నాయో చూచుకోండి. తేడా ఉంటే సవరణ దస్తావేజు ముందే చేయించాలి.

ధర తెలుసుకోండి

అవసరంలో ఉన్నవానిని చూచి తక్కువకు అడగడం లోకరీతి. ఒక్క మధ్యవర్తి చెప్పిన ధరకే తల ఊపవద్దు. మీ వీధిలో ఈ మధ్య రిజిస్టరైన ఇళ్లు ఎంతకు పోయాయో అడగండి. రిజిస్ట్రారాఫీసులో ప్రభుత్వ విలువ తెలుసుకోండి. అది సాధారణంగా బజారు ధర కాదు, కొలతకు ఒక ఆధారం మాత్రమే. మధ్యవర్తి కమీషను ఎంతో మొదటే తేల్చుకోండి. కారే కప్పు, ఊడిన తలుపు బాగుచేయించి సున్నం వేయిస్తే చాలును. అమ్మబోయే ఇంటికి అప్పుచేసి రాళ్లు పరిపించవద్దు.

బోరు మోటారు, ఇనుప బీరువా, పెరటి కొబ్బరిచెట్లు ఇంటితో పోతాయో పోవో ముందే చెప్పి వ్రాయించండి. అబ్రాహాము బేరంలో చెట్ల లెక్క కూడ ఉందని మరువవద్దు.

లోపం దాచవద్దు

వానకు గోడ నెమ్ముతుందా? దారి గురించి పొరుగువారితో తగాదా ఉందా? కోర్టులో కేసు నడుస్తోందా? కొనేవాడు మామూలుగా చూచి కనిపెట్టలేని లోపాన్ని చెప్పవలసిన బాధ్యత అమ్మేవానిదేనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం అంటున్నది. మనకు చట్టానికంటె పైనున్న సాక్ష్యమూ ఉంది. నిజం చెబితే కొంత ధర తగ్గవచ్చు, మంచి పేరు మాత్రం మిగులుతుంది.

బయానా, అగ్రిమెంటు

తెల్లకాగితంపై వ్రాసి, బయానా జేబులో వేసుకొని, నోటిమాటపై నెలలు గడపడం పెద్ద పొరపాటు. మొత్తం ధర, ముట్టిన బయానా, మిగిలిన సొమ్ము ఇవ్వవలసిన తేదీ, తేదీ దాటితే ఏమి చేయాలి అన్న నాలుగూ స్టాంపు కాగితంపై ఉండాలి. ఇద్దరు నమ్మకస్థులైన సాక్షులు సంతకం చేయాలి. జి.పి.ఏ. వ్రాసిస్తే అమ్మకం అయిపోయినట్టే అని కొందరు చెబుతారు. అలా కాదని 2011లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇంకొక ఉరి ఉంది. అప్పు ఇచ్చేవాడు, "హామీగా సేల్‌డీడు రిజిస్టరు చేయించు, డబ్బు కట్టగానే తిరిగి వ్రాసిస్తాను" అంటాడు. తిరిగి ఇచ్చే షరతు ఆ దస్తావేజులోనే లేకపోతే చట్టం దానిని తాకట్టుగా లెక్కించదు, అమ్మకంగానే చూస్తుంది. మోషే ధర్మశాస్త్రంలో ప్రాకారము లేని పల్లెల్లోని ఇళ్లను పొలాలతో సమానంగా ఎంచి, విడిపించుకొనే హక్కు ఇచ్చారు. సునాద సంవత్సరములో అవి తిరిగి సొంతవారికి వచ్చేవి. మన చట్టంలో సునాద సంవత్సరము లేదు. అప్పు కావాలంటే తాకట్టు దస్తావేజే వ్రాయండి.

డబ్బు అందాకే సంతకం

"సంతకం చేయండి, మిగతాది సాయంత్రం తెస్తాను" అన్న మాటకు లొంగవద్దు. పూర్తి ధర ముట్టలేదన్న ఒక్క కారణంతో రిజిస్టరైన దస్తావేజు రద్దు కాదని, బాకీ కోసం దావా వేసుకోవలసిందేనని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెక్కు అయితే డబ్బు ఖాతాలో పడేవరకు ఆగండి. బ్యాంకు డి.డి. అయితే అది నిజమైనదని బ్యాంకులో చూపించుకోండి.

స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించిన సొమ్ము నగదుగా తీసుకోరాదన్న నియమం 2015 జూన్ నుండి అమలులో ఉంది. తప్పితే అంత సొమ్మూ జరిమానా పడవచ్చు. పన్ను పరిధిలోకి రాని వ్యవసాయదారులిద్దరి మధ్య మినహాయింపు ఉన్నా, బ్యాంకు దారే క్షేమం.

కాగితంలో ఒక ధర, చేతిలో ఒక ధర

స్టాంపు ఖర్చు తగ్గించడానికి దస్తావేజులో తక్కువ ధర వ్రాయమని కొనేవారు అడుగుతారు. అందరూ చేసేదే కదా అంటారు. రేపు తగాదా వస్తే మీరు కాగితంలో ఉన్న ధరకే సాక్షులు, మిగిలినది అడిగే నోరు ఉండదు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననీయ సప్పీరాల సంగతి మనకు తెలుసు. పొలం అమ్మినందుకుగాని, సొమ్ము దాచుకొన్నందుకుగాని పేతురు వారిని తప్పుపట్టలేదు. ధర విషయమై అబద్ధమాడినందుకు తప్పుపట్టాడు. అమ్మిన సొమ్ములో మందిరానికి ఇవ్వదలచినవారు కూడ బాకీలు తీర్చి, ఇష్టపూర్వకంగా, ఆర్భాటం లేకుండా ఇవ్వండి.

అమ్మిన తరువాత

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న: అమ్మ రేపు ఎక్కడ పడుకుంటుంది? "నెలకొకరి దగ్గర ఉంటుందిలే" అన్న మాట ఏర్పాటు కాదు. ఆమె వాటా సొమ్ము ఆమె పేరనే బ్యాంకులో వేయండి. ఆమె ఉండే గది ఏదో బయానా పుచ్చుకొనక ముందే తేల్చండి. ఇల్లు అమ్మేది కట్నం కోసమైతే మేము గట్టిగా చెప్పేది ఒకటే, ముందు ఆ పెండ్లి బేరం ఆపండి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరం. గూడు అమ్మించి బిడ్డను చేసుకొనేవాడు ఆ బిడ్డకు గూడు కాలేడు.

లాభంపై ఆదాయపు పన్ను పడవచ్చు. రెండు సంవత్సరాలకు పైగా మీదై ఉన్న ఇల్లు అమ్మి, రెండు సంవత్సరాలలోపు మరొక ఇల్లు కొన్నా, మూడు సంవత్సరాలలోపు కట్టుకొన్నా, అందుకు వెచ్చించిన మేరకు మినహాయింపు ఉంది. వివరాలు ఆడిటరును అడగండి.

యిర్మీయా అనాతోతు పొలం కొన్నప్పుడు సాక్షులను పిలిచి, పదియేడు తులముల వెండి తూచి, క్రయపత్రాలను బహుదినములు నిలిచేలా మట్టికుండలో భద్రపరచమని బారూకుకు చెప్పాడు. మీరును రిజిస్టరైన దస్తావేజు నకలు, డబ్బు ముట్టిన బ్యాంకు కాగితాలు దాచి ఉంచండి. కరెంటు మీటరు, ఇంటి పన్ను కొన్నవారి పేరుకు మారాయో లేదో చూడండి.

బయానా పుచ్చుకొనే ముందు ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని ఈ విషయాలు ఒక్కొక్కటిగా చదువుకోండి. దూరాన ఉన్న ఆడపిల్లలనూ పిలిపించండి. ఎవరి ముఖమైనా చిన్నబోతే ఆ రోజుకు ఆగండి. మంచి బేరం నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.