గుర్రపుడెక్క

చెరువునిండ ఊదారంగు పూవులు విరియగనే పట్టణవాసులు ముచ్చటపడి చూచుచున్నారు. ఆ పూవు గుర్రపుడెక్కది. ఆ ముచ్చటయే దానిని సముద్రములు దాటించినది. దక్షిణ అమెరికాలోని అమెజాను ప్రాంతము దాని జన్మభూమి. 19వ శతాబ్దాంతమునకు వంగదేశము చేరి, కొలదికాలములోనే పడవల నాపివేసి వరిచేలను కప్పివేసెను. 1921లో జగదీశచంద్ర వసు అధ్యక్షతన విచారణసంఘ మేర్పడెను. 1936లో శాసనము వచ్చెను. 1937 ఎన్నికలలో దాని నిర్మూలనము వాగ్దానముగ కూడ మారెను. వాగ్దానములకంటె మొక్కయే వేగముగ పెరిగినది.

పార్వతీపురమువారికి దీనితో నేమి పని యందురా? కొండలనుండి దుముకు గెడ్డలలో ఈ మొక్క నిలువజాలదు. దానికి వలయునది కదలని నీరు, ఆ నీటిలో మనము విడుచు మురుగు. జంఝావతి, నాగావళుల నీటిని కాలువలకు మళ్లించుకొని బ్రదుకు సీమ మనది. 2015లో తోటపల్లి బ్యారేజి వచ్చిన పిదప నీరు నిలుచు తావు మరింత పెరిగినది. సంతోషమే. ఆ నీటికి కావలి ఎవరని మేమడుగుచున్నాము.

తల్లిమొక్క ప్రక్కలకు పిలకలు వేయును. అనుకూలమైన నీటిలో రెండువారములకే మొక్కలు రెట్టింపగును. విత్తనము అడుగు బురదలో ఇరువదేండ్లవరకును ప్రాణముతో నుండగలదు. పైన చాపవలె పరచుకొన్నంతనే నీటిలోనికి వెలుతురు పోదు, ప్రాణవాయువు తగ్గును, చేపలు చచ్చును. ఆకులగుండ ఆవిరియై పోవు నీరు, వట్టి నీటినుండి ఎండకు ఇగురు నీటికంటె నెక్కువ. మాన్సోనియా జాతి దోమపిల్లలు దీని వేళ్ల నంటుకొని గాలి పీల్చుకొనును. బోదకాలును వ్యాపింపజేయు దోమలలో అవియు చేరినవి. పట్టాదారునకు పోవునది నీరు. వలవేసి బ్రదుకువానికి పోవునది కూడు.

మందు చల్లుదమనువారు కలరు. చచ్చిన మొక్క అడుగునకు దిగి కుళ్లి, మిగిలిన ప్రాణవాయువును గూడ హరించును. 1980 దశకములో బెంగుళూరున ప్రవేశపెట్టిన నియోకెటినా ముక్కుపురుగులు ఈ మొక్కనే తిని బ్రదుకును. మేలైన ఉపాయమేగాని ఏండ్లు పట్టును. మాకు మిక్కిలి రోతగ తోచునది మరొకటి. పైయూరివారు కలుపును కాలువలోనికి నెట్టి చేతులు దులుపుకొందురు. అది క్రిందియూరి తూమునకు అడ్డుపడును. శివారు రైతునకు ఆ యేడు నీరందదు. ఇట్లు నెట్టువారిలో చదువుకొన్న కామందులును ఉండుట సిగ్గుచేటు.

పూర్వము కుడిమరామత్తని ఊరెల్ల కలిసి చెరువు బాగుచేసికొనెడివారు. 1997 నాటి శాసనముతో నీటి వినియోగదారుల సంఘములు వచ్చినవి. వేసవిలో నీరు తగ్గినపుడు, పూత పూయకమునుపే, ఆ సంఘములు మనుషులను దింపవలెను. కూలి కామందులు పెట్టుకొనవలెను. పురపాలకులు మురుగుకాలువలను చెరువులనుండి మరలింపవలెను. లాగిన మొక్కను గట్టుమీదనే వదలరాదు, తొలివానకు మరల నీటిలో పడును. దూరముగ ఎండబెట్టి పేడతో కలిపి కుళ్లబెట్టినచో చేనికి ఎరువగును.