హైస్కూల్లోనే కాలేజీ స్థాయి సైకాలజీ: మార్కులు పోగా మిగిలేది ఏమిటి?

అమెరికాలో చదువుకునే మన పిల్లల నోట 'ఏపీ' అనే మాట వింటే ఇక్కడి వాళ్లం ఆంధ్రప్రదేశ్ అనుకుంటాం. వాళ్లు చెప్పేది 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' గురించి. హైస్కూల్లో ఉండగానే కాలేజీ తొలి ఏడాది స్థాయి పాఠం చదివి, మే నెలలో పరీక్ష రాసే పద్ధతి అది. కాలేజ్ బోర్డ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1950ల నుంచి దీన్ని నడుపుతోంది. అందులో సైకాలజీ పరీక్ష 1992లో మొదలైంది. 2024లో మూడు లక్షల మందికి పైగా ఆ పరీక్ష రాశారు.

న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడి కూతురు పదకొండో తరగతిలో ఈ సబ్జెక్టు తీసుకుంటానంది. మా తమ్ముడికి అది నచ్చలేదు. "కాలిక్యులస్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ ఉండగా ఈ తేలిక సబ్జెక్టు ఎందుకన్నయ్యా?" అని నన్ను అడిగాడు. మన సహోద్యోగుల్లోనూ చాలామంది పిల్లలో, తోబుట్టువుల పిల్లలో విదేశాల్లో చదువుతున్నారు. ఇలాంటి ప్రశ్న వారికీ ఎదురై ఉంటుంది. నేను తెలుసుకున్నది వారికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పాఠంలో ఏముంది?

2024-25 నుంచి ఈ కోర్సును ఐదు భాగాలుగా మార్చారు. మెదడు, నాడీ వ్యవస్థ, నిద్ర మొదటి భాగం. జ్ఞాపకం, ఆలోచన, తెలివితేటలు రెండోది. ఎదుగుదల, నేర్చుకోవడం మూడోది. నలుగురిలో మనిషి ప్రవర్తన, వ్యక్తిత్వం నాలుగోది. మానసిక, శారీరక ఆరోగ్యం ఐదోది.

పరీక్షలో 75 బహుళైచ్ఛిక ప్రశ్నలకు 90 నిమిషాలు, రెండు రాత ప్రశ్నలకు 70 నిమిషాలు ఇస్తారు. అసలు విషయం ఈ రాత ప్రశ్నల్లోనే ఉంది. మొదటిదానిలో ఒక పరిశోధన సారాంశం ఇచ్చి, అది ఏ పద్ధతిలో జరిగింది, దాని ఫలితాన్ని ఎంతమందికి వర్తింపజేయవచ్చు, నైతిక నియమాలు పాటించారా అని అడుగుతారు. రెండోదానిలో మూడు పరిశోధనలు ఇచ్చి, వాటి ఆధారంగా ఒక వాదన నిలబెట్టమంటారు. బట్టీ పట్టిన నిర్వచనాలతో ఇక్కడ గట్టెక్కడం కష్టం.

ఉదాహరణకు మన పనిలోంచే ఒకటి తీసుకుందాం. ఎస్సెమ్మెస్ అలర్టులు పెట్టుకున్న ఖాతాదారులు ఎక్కువ పొదుపు చేస్తున్నారని ఒక నివేదికలో కనిపించిందనుకోండి. అలర్టుల వల్లే పొదుపు పెరిగిందని చెప్పగలమా? పొదుపు అలవాటు ఉన్నవాళ్లే ముందుగా అలర్టులు పెట్టుకొని ఉండొచ్చు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. ఎంబీఏలో గానీ నాకు బోధపడని ఈ తేడాను అక్కడ పదహారేళ్ల పిల్లలు నేర్చుకుంటున్నారు.

చదివింది నిలవాలంటే

జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకొని, నేర్చుకున్నది తొలి గంటల్లోనే చాలావరకు జారిపోతుందని 1885లో చూపాడు. చదువును రోజుల మీద విడదీసి, మధ్యమధ్య పుస్తకం మూసి తనను తాను పరీక్షించుకుంటే ఎక్కువ కాలం గుర్తుంటుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలకు చివరి రెండు రాత్రులు మేల్కొనే మన యువ మిత్రులకూ ఇది పనికొచ్చే మాట.

మిల్‌గ్రామ్ ప్రయోగం, మన కౌంటరు

ఈ కోర్సులో పిల్లలు తప్పక చర్చించుకునే వాటిలో స్టాన్లీ మిల్‌గ్రామ్ యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం ఒకటి. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ కరెంటు షాకు పెంచుతూ పొమ్మని, కోటు వేసుకున్న నిర్వాహకుడు ఆదేశిస్తాడు. నిజానికి షాకు ఉండదు, ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. 1963లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా వెళ్లారు. పాల్గొన్నవారిని అంత ఒత్తిడికి గురిచేయడం సరైనదేనా అన్న చర్చ కూడా పాఠంలో భాగమే.

దీనికి కొనసాగింపుగా చేసిన మార్పులు మనకు ఇంకా ముఖ్యం. నిర్వాహకుడు గదిలో లేకుండా ఫోన్లో ఆదేశిస్తే మాట వినేవారు బాగా తగ్గిపోయారు. పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చేయం" అని లేచిపోతే, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు.

డిజిటల్ అరెస్టు మోసగాళ్లు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. యూనిఫాం వేసుకుని వీడియోలో కనిపిస్తారు, గంటల తరబడి కాల్ కట్ చేయనివ్వరు, ఎవరితోనూ చెప్పొద్దంటారు. అధికారం ఎప్పుడూ ఎదురుగా ఉన్నట్టు చూపించడం, రెండో గొంతు వినపడకుండా చేయడం: వాళ్ల బలమంతా ఈ రెండింటిలోనే ఉంది.

గత ఏడాది మా శాఖకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ వెంటనే రద్దు చేయమన్నారు. చేతులు వణుకుతున్నాయి, జేబులో ఫోన్ ఆన్‌లోనే ఉంది. కౌంటరులోని మా సహోద్యోగిని అది గమనించి, ఆయన్ని లోపల కూర్చోబెట్టి, ఫోన్ కట్ చేయించి, "మాస్టారూ, ఒక్క పది నిమిషాలు మాతో మాట్లాడండి" అంది. డబ్బు దక్కింది. చదువుకున్నవారు, లోకజ్ఞానం ఉన్నవారు ఎలా మోసపోతారని అనుకుంటాం. పరిస్థితి బిగిస్తే ఎవరైనా లొంగుతారని ఆ ప్రయోగం చెబుతుంది. అందుకే అలాంటి ఖాతాదారును మందలించకుండా, ఆ రెండో గొంతు మనమే కావాలి. ఆపైన 1930 నంబరుకు ఫోన్ చేయించాలి.

తల్లిదండ్రులు చూసుకోవలసినవి

పరీక్షలో 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. క్రెడిట్ ఇవ్వాలా వద్దా అన్నది ఆయా విశ్వవిద్యాలయాల ఇష్టం. కొన్ని 3 వస్తే చాలంటాయి, చాలాచోట్ల 4 లేదా 5 అడుగుతారు, కొన్ని అసలు ఇవ్వవు. ఫీజు తగ్గుతుందన్న లెక్కతోనే చేర్చేటట్టయితే, పిల్లలు వెళ్లాలనుకునే విశ్వవిద్యాలయాల నిబంధనలు ముందే చదవాలి.

మానసిక ఆరోగ్యం పాఠంలో ఉన్నా, పాఠం చికిత్స కాదు. ఇంట్లో పిల్లలు దిగులుగా ఉంటే వైద్యుణ్ణి లేదా కౌన్సెలర్‌ను కలవాలి. కాకపోతే ఆందోళన, కుంగుబాటు వంటి వాటికి సరైన పేర్లు తెలిసిన పిల్లలు తమ బాధను కాస్త తేలిగ్గా చెప్పుకోగలుగుతారు.

మన దేశంలోనూ సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లో సైకాలజీ ఎంచుకోవచ్చు. 70 మార్కుల రాత పరీక్షతో పాటు 30 మార్కుల ప్రాక్టికల్ ఉంటుంది. ఇంజనీరింగ్, మెడిసిన్ గీతకు బయట ఉందని మనం దానివైపు చూడం.

మా తమ్ముడికి నేను చెప్పింది ఇంతే: అమ్మాయి రేపు ఇంజనీరే కావచ్చు, కానీ ఏ ఉద్యోగంలోనైనా మనుషులతోనే పని. "దీనికి ఆధారం ఏమిటి?" అని అడిగే అలవాటు ఆ వయసులో పడితే, క్రెడిట్ వచ్చినా రాకపోయినా ఆ ఏడాది వృథా పోదు.