భోగి దొంగల్ని పట్టించిన కాయ

భోగి మంటకి కర్ర కొనుక్కొచ్చే రోజులు వస్తాయని మా చిన్నప్పుడు ఎవరైనా చెబితే నవ్వేవాళ్ళం. ముందు రోజు రాత్రి ఎవరి కంచె కాస్త వదులుగా కనిపిస్తే అది మంటలోకి చేరాల్సిందే. పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు గాని, వాళ్ళూ ఒకప్పుడు చేసిన పనే కనక ఆ తిట్లలో పస ఉండేది కాదు.

ఆ ఏడు మేం ఆరుగురం. నాయకుడు మా పెద్దన్నయ్య. చీకట్లో కాలవ గట్టు మీది పాత కంచె పట్టుకుని లాగాం. దానికి ఎండిన తీగలేవో దట్టంగా అల్లుకుని ఉన్నాయి. “ఇవి భలే అంటుకుంటాయిరా, వదలొద్దు” అన్నాడు అన్నయ్య. వదల్లేదు. కంప భుజాన, తీగలు మెడ చుట్టూ, గాలికి ఎదురుగా నడక. సగం దారిలో ముందున్నవాడు మెడ గోక్కున్నాడు. వెనకవాడు వాణ్ణి చూసి నవ్వి, ఆ నవ్వు ఆగకుండానే తనూ వీపు గోక్కున్నాడు. ఇల్లు చేరేసరికి మా ఆరుగురి గంతులూ చూస్తే ఎవరో కోలాటం నేర్పించి పంపారనుకోవాలి. నాయనమ్మ లాంతరెత్తి చూసింది. “దొంగవెధవల్లారా, దురదగొండిని మోసుకొచ్చార్రా!” అంది. తెల్లారి కంచె ఆసామి వచ్చాడు. దొంగలెవరని అడగాల్సిన అవసరం ఆయనకి రాలేదు.

దురదగొండిని కొన్నిచోట్ల దూలగొండి అంటారు. ఆకు తగిలితే దురద పుట్టే మొక్క ఇంకొకటుంది, దాన్నీ ఇదే పేరుతో పిలిచేవాళ్ళున్నారు. నేను చెప్పేది చిక్కుడు జాతి తీగ గురించి. ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తుంది. కాయ కాస్త వంకరగా, చింతకాయంత ఉంటుంది. దాని ఒంటి నిండా బంగారు గోధుమరంగు నూగు. పట్టుబట్టలా ముద్దొస్తుంది, నిమురుదామనిపిస్తుంది. నిమిరారా, అయిపోయారు! ఆ నూగులో ఒక్కో వెంట్రుకా రెండు మూడు మిల్లీమీటర్ల సూది. కాయ ఎండాక కాస్త కదిపితే చాలు, రాలి గాలికెగురుతుంది. మేం నడిచిందేమో గాలికి ఎదురుగా. ముందువాడి భుజం మీది నూగంతా వెనకవాళ్ళకే ప్రసాదం.

సూది గుచ్చుకుంటే నొప్పి పుట్టాలి గదా, దురదెందుకు? ఆ సూదిలో మ్యూకునైన్ అనే ఎంజైము ఉంటుంది. ప్రోటీన్లని కోసే కత్తెర అది. దాని చుట్టం మీ వంటింట్లోనే ఉంది. మటన్ త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు చూడండి, ఆ బొప్పాయి పాలల్లో ఉండే పపైనూ ఇదీ ఒకే కుటుంబం. మన చర్మంలోని నరాల కొసల మీద తాళాల్లాంటి ప్రోటీన్లుంటాయి. మ్యూకునైన్ ఆ తాళం ముందున్న తోకని కత్తిరిస్తుంది. మిగిలిన కొసే తాళంచెవిలా లోపలికి వంగి తాళం తీసేస్తుంది. మెదడుకి ‘దురద’ అని కబురు వెళుతుంది. ఈ సంగతి 2008లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. దోమ కుట్టినప్పుడు పుట్టే దురదకి ముఖ్యంగా హిస్టమిన్ అనే రసాయనం కారణం. దురదగొండిది వేరే దారి. అందుకే హిస్టమిన్ని అడ్డుకునే మామూలు ఎలర్జీ మాత్రని ఇది పెద్దగా లెక్కచెయ్యదు.

మేం చేసిన అసలు తప్పు తీగ మొయ్యడం కాదు, గోక్కోవడం. గోకిన కొద్దీ సూదులు విరిగి లోపలికి దిగుతాయి, వేళ్ళకంటినవి కొత్తచోట్లకి బదిలీ అవుతాయి. నాయనమ్మ మా చేతులు వెనక్కి కట్టినంత పని చేసి, ఒంటికి పేడ పూసి ఎండలో నిలబెట్టింది. భోగినాడు తలంటుకి బదులు మాకు పేడంటు! ఎండి పెచ్చులు కట్టాక రాలగొట్టి నీళ్ళు గుమ్మరిస్తే, నూగు పేడకంటుకుని ఊడొచ్చింది. యుక్తి మంచిదే. కాని గోకిన చర్మం మీద పేడ పూస్తే ధనుర్వాతం తెచ్చే క్రిములు దిగే ప్రమాదముంది, కనక మీరా పని చెయ్యకండి. అంటించి లాగే టేపు ఇవాళ ప్రతి ఇంట్లో ఉంది. మెల్లగా అంటించి లాగండి, తర్వాత రుద్దకుండా సబ్బునీళ్ళతో కడగండి. మా బట్టల్ని నాయనమ్మ గుండిగలో ఉడకబెట్టింది. అది మాత్రం నూటికి నూరుపాళ్ళు సైన్సు. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడి మారిపోయినట్టే మ్యూకునైనూ వేడికి పాడైపోతుంది, కత్తెర మొద్దుబారుతుంది.

చెయ్యి తొందర ఎంత పని చేస్తుందో మా మేనమామకీ ఒక కార్తీకమాసంలో తెలిసొచ్చింది. వనభోజనాలకి చెట్టు కింద పొయ్యి పెట్టించాడు. పైకొమ్మకి తేనెపట్టుందని చూడలేదు. పొగ చేరింది, ఈగలు దిగాయి. ఒకటి కుడితే ఆయన తువ్వాలు తీసి గిరగిరా తిప్పాడు. తేనెటీగ కుట్టగానే ఆ చోట ఒక వాసన వదులుతుంది. అందులో ముఖ్యమైన రసాయనానిది అచ్చం మాగిన అరటిపండు వాసన. మిగతావాటికి అది ‘శత్రువిక్కడున్నాడు’ అనే దండోరా. తువ్వాలు ఊపితే ఈగలకి గురి మరింత బాగా చిక్కుతుంది. మామయ్య చెరువులో దూకాడు. ఈగలు పైనే కాచుక్కూచున్నాయి. ఊపిరికోసం తేలిన ప్రతిసారీ బట్టతల మీద ఒక ముద్ర!

అప్పుడు చెయ్యాల్సింది ముఖం కప్పుకుని, ఊపకుండా, పరుగెత్తి ఇంట్లోకో కారులోకో దూరడం. ముల్లుని గోటితో గీకి తియ్యాలా, వేళ్ళతో లాగాలా అని ఇప్పటికీ వాదించుకుంటారు. 1996లో పరిశోధకులు తేనెటీగలతో కుట్టించుకుని మరీ చూశారు. ఎలా తీసినా ఒకటే, ఆలస్యం చేస్తేనే నష్టమని తేలింది. ముల్లుతో పాటు ఊడొచ్చిన విషపుసంచి ఈగ ఎగిరిపోయాక కూడా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. ఊపిరాడకపోయినా, ముఖం ఉబ్బినా చిట్కాలు మానేసి 108కి ఫోన్ చెయ్యండి.

దురదగొండిని మరీ ఆడిపోసుకున్నాను గాని, దాని కాయ లోపలి గింజల్లో ఎల్-డోపా అనే పదార్థం ఉంటుంది. దాన్ని ఆ గింజల నుంచి మన మద్రాసులోనే దామోదరన్, రామస్వామి 1937లో వేరుచేశారు. 1961లో వియన్నాలో పార్కిన్సన్ రోగులకి ఎల్-డోపా ఇచ్చి చూస్తే, మంచం దిగలేనివాళ్ళు లేచి నడిచారు. నేటికీ ఆ జబ్బుకి అదే ముఖ్యమైన మందు. అలాగని గింజలు నూరుకుని మింగకండి, మోతాదు డాక్టరు చెప్పాలి.

ఈసారి భోగికి కంప కోసం కంచెల వెంట పడే పిల్లలుంటే టార్చిలైటు ఇచ్చి పంపండి. వంకర కాయ మీద బంగారు నూగు కనిపిస్తే అక్కడే వదిలేసి రమ్మనండి. పక్కింటి పిడకలు ఎత్తుకురావడం అంతకన్నా క్షేమం.