శ్రవణ పరీక్ష – కొన్ని అపోహలు

సర్వేంద్రియాలలో నయనమే ప్రధానమని సంస్కృత సూక్తి. పవిత్ర ఖుర్ఆన్‌లో మాత్రం వినికిడిని, చూపును కలిపి ప్రస్తావించిన పెక్కు చోట్ల వినికిడే ముందుగా వస్తుంది. ఏది ప్రధానమన్న చర్చ ఇక్కడ మాకు అవసరం లేదు గాని, లోకవ్యవహారంలో చెవికి జరుగుతున్న అన్యాయం మాత్రం స్పష్టంగానే ఉన్నది. అక్షరం మసకబారితే కళ్ళద్దాల కోసం పరుగెత్తే మనమే, మాట మసకబారితే ఎదుటివాడు గొణుగుతున్నాడని విసుక్కుంటాము.

ఈ దోషానికి మేమూ అతీతులము కాము. మా తెలుగు తరగతిలో వెనుక బల్లపై కూర్చునే విద్యార్థి ఒకడుండేవాడు. ఉక్తలేఖనంలో మేము ‘తల’ అంటే అతడు ‘కల’ అని వ్రాసేవాడు. ‘పాలు’ అంటే ‘కాలు’, ‘సాగు’ అంటే ‘తాగు’. పరధ్యానమని మందలించాము. ఒకనాడు తరగతి వెలుపల నిలబెట్టాము కూడా. పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేవాడు కనుక, చెవిలో లోపముండవచ్చునన్న ఊహే మాకు కలుగలేదు.

అసలు చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అన్న సామెత మన మనస్సులలో ఎంతగా నాటుకొన్నదంటే, శంఖం వినిపించినవాడు చెవిటివాడు కాడని మన నమ్మకం. పిల్లవాని వెనుక నిలిచి చప్పట్లు చరుస్తాము, పళ్ళెం మీద గరిటెతో కొడతాము. వాడు తిరిగి చూస్తే తృప్తి పడతాము. కాని ధ్వనికి కొలతలు రెండు. ఎంత బిగ్గరగా ఉన్నదన్నది ఒకటి. దానిని డెసిబెల్‌లలో కొలుస్తారు. ఎంత మంద్రంగానో తారంగానో ఉన్నదన్నది రెండవది. దానిని హెర్ట్జ్‌లలో చెబుతారు. ఒకే చెవి మంద్రస్థాయిని చక్కగా వింటూ, తారస్థాయిని దాదాపు వినకపోవచ్చును.

భాషను బోధించే వారికి ఇది మిక్కిలి ఆసక్తికరమైన విషయం. అచ్చుల బలమంతా చాలవరకు క్రింది స్థాయిలలో ఉంటుంది. మ, న లు కూడా అంతే. శ, స వంటి ఊష్మాలను, క, త, ప వంటి పరుషాలను ఒకదానినుండి మరొకదానిని వేరుపరచే గుర్తులు పై స్థాయిలలో, అదీ బలహీనంగా ఉంటాయి. వ్యాకరణం వీటిని పరుషాలన్నది గాని, చెవికి మాత్రం ఇవి అతి సుకుమారాలు! ఉర్దూ మిత్రులు ‘సాల్’, ‘షాల్’ అన్న మాటలను తలచుకొంటే చాలు, సంగతి తెలుస్తుంది. తారస్థాయి తగ్గినవానికి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అప్పుడు మనం అరుస్తాము. అరిస్తే పెరిగేది ముఖ్యంగా అచ్చుల బిగ్గరతనమే. ముసలివారు ‘అరవకు, వినబడుతూనే ఉన్నది, అర్థం కావడం లేదు’ అని కోపగించుకోవడంలో నూటికి నూరుపాళ్ళ న్యాయమున్నది.

అందుచేతనే శ్రవణ పరీక్షలో ఒక్కొక్క స్థాయిని విడివిడిగా చూస్తారు. శబ్దం చొరని గదిలో కూర్చుండబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, 250 హెర్ట్జ్‌ల నుండి 8000 హెర్ట్జ్‌ల వరకు ఒక్కొక్క చెవికి సన్నని ధ్వనులను వినిపిస్తారు. వినబడినప్పుడు మీట నొక్కాలి, లేదా చేయి ఎత్తాలి. సూది లేదు, నొప్పి లేదు. చెవికి కరెంటు పెడతారన్నది వట్టి మాట. పిదప చెవి వెనుక ఎముకపై చిన్న సాధనముంచి మరల పరీక్షిస్తారు. ఎముక ద్వారా బాగుగా వినబడి, గాలి ద్వారా వినబడకపోతే, ఆటంకం వెలుపలి చెవిలోనో మధ్యచెవిలోనో ఉన్నదని తెలుస్తుంది. అది గూడ గులిమి కావచ్చును, కర్ణభేరికి పడిన రంధ్రం కావచ్చును; ఇటువంటి వాటిలో చాలా భాగం వైద్యానికి లొంగుతాయి. కనుక పరీక్షకు వెళ్ళిన ప్రతివానికీ మిషను అంటగడతారన్న భయం సరికాదు. చెవిలో కాచిన నూనె పోసే ఇంటి వైద్యం మాత్రం మానవలసినదే. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే, రెండవది ఉన్నది కదా అని ఊరకుండరాదు. అది ఆ రోజే వైద్యునికి చూపవలసిన స్థితి.

విద్యార్థులు ‘పరీక్ష’ అన్న మాటకే జంకుతారు. కొందరు ఇక్కడ కూడా ‘పాస్’ కావాలని, వినబడకున్నా లెక్కపెట్టి మీట నొక్కుతారట! ఆడియోగ్రామ్‌లో మార్కుల లెక్క తలక్రిందులు. సున్న వచ్చిందంటే ఏమీ వినబడదని కాదు. ఆరోగ్యవంతులైన యువకుల సగటు వినికిడినే సున్నగా పెట్టుకొన్నారు. అంకె పెరిగినకొద్దీ లోపం పెరుగుతుంది.

మాటలు రాని పసిపిల్లలను పరీక్షింపలేరన్నది మరొక అపోహ. ఆరోగ్యకరమైన లోపలి చెవి తానే అతి సన్నని ప్రతిధ్వనిని వెలువరిస్తుందని 1978లో డేవిడ్ కెంప్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆ ఆధారంతో నేడు నిద్రపోతున్న శిశువును సైతం కొద్ది నిమిషాలలో పరీక్షిస్తున్నారు.

పరీక్ష జరిగితే చెవిటివాడన్న ముద్ర పడుతుందని, ముఖ్యంగా ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని పెద్దలు వెనుదీస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా రెండు చెవులలోనూ మాటల స్థాయిలో 60 డెసిబెల్‌ల లోపం ఉంటేనే దానిని వైకల్యంగా లెక్కిస్తుంది. అంతకు తక్కువ లోపం గలవారికి కాగితం మీద ఏ ముద్రా ఉండదు; తరగతిలో మాత్రం ‘మొద్దు’ అన్న ముద్ర పడుతూనే ఉంటుంది.

హైదరాబాదులో కోఠీ ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ గారి పేరిట 1983లో బొంబాయిలో నెలకొల్పిన జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం కలదు.

మా విద్యార్థిని అతని మేనమామ ఎట్టకేలకు పరీక్షకు తీసుకొనిపోయాడు. ఆడియోగ్రామ్‌ను అతడే మాకు తెచ్చి చూపాడు. 1000 హెర్ట్జ్‌ల వరకు గీత పైననే సాగి, ఆ తరువాత మెట్లు దిగినట్లు దిగి, 4000 దగ్గర 65 డెసిబెల్‌లకు చేరింది. ఆ సాయంత్రం అతని ఉక్తలేఖనం పుస్తకం తీసి చూశాము. మేము ఎర్రసిరాతో సున్నలు చుట్టిన అక్షరాలు దాదాపు అన్నీ క, త, ప, స లే.