కరెంటు పోతే మూగబోయే ఫోను

మూలన పడిన బటన్ల టెలిఫోను ఇంటర్నెట్ లైనుపై మళ్లీ గణగణ మోగుతుంది. కావలసింది అడాప్టరు అనే చిన్న పెట్టె, సర్వీసు కంపెనీ ఇచ్చే నంబరు. పెట్టె మాటను అంకెలుగా మార్చి పంపుతుంది. వచ్చిన అంకెలను మాటగా వినిపిస్తుంది. చాలా ఫైబర్ కనెక్షన్లలో ఈ పని మోడెమే చేస్తుంది. ఫోను సాకెట్ దానికే ఉంటుంది.

ఒక్క తేడా మరువరాదు. రాగి తీగ ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది. ఊళ్లో కరెంటు పోయినా ఫోను పలికేది. ఇప్పుడు కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది, ఫోను మూగబోతుంది. అర్ధరాత్రి 108కి ఫోను చేయవలసివస్తే?

అందుకే మోడెముకు, అడాప్టరుకు రెండింటికీ బ్యాటరీ ఉండాలి. ఒకదానికే పెడితే ప్రయోజనం లేదు. చార్జింగ్ ఉన్న సెల్‌ఫోను ఒకటి దగ్గర ఉంచుకోవడమూ మేలు.