ఆరోగ్యశ్రీ తలుపు అందరికీ తెరవాలి

కొన్ని నెలల క్రితం ఒక శుక్రవారం, మా పట్టణంలోని మస్జిదులో జుమా నమాజు ముగియగానే ఇమాం గారు ఒక విన్నపం చేశారు. మొహల్లాలో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం నడుపుకునే సోదరునికి గుండె శస్త్రచికిత్స చేయాలనీ, సొమ్ము కట్టనిదే ఆసుపత్రివారు చేర్చుకోమంటున్నారనీ, ఎవరికి తోచినంత వారు సహాయం చేయాలనీ కోరారు. గుమ్మం దగ్గర రుమాలు పరిచారు. రోజుకూలీలు పది రూపాయలు వేశారు, చిన్న వ్యాపారులు ఐదు వందలు వేశారు. సాయంత్రం లెక్క చూస్తే, కావలసిన సొమ్ములో ఐదో వంతు కూడా సమకూడలేదు. మిగిలినదాని కోసం ఇంటి ఇల్లాలి నగలు తాకట్టుకు వెళ్లాయి, దుకాణంలోని యంత్రాలు అమ్ముడుపోయాయి.

అల్లాహ్ దయవల్ల ఆ సోదరుడు కోలుకున్నారు. పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన మాతో అన్న మాట మరపునకు రావడం లేదు. "కోత నొప్పి తగ్గిపోయింది భాయ్! ఆ రుమాలు తలచుకుంటేనే బాధగా ఉంది. ఇన్నేళ్లూ నేను అందులో వేసినవాణ్ణే గానీ, నా కోసం పరిపించుకున్నవాణ్ణి కాను."

ఆయనకు ఆరోగ్యశ్రీ ఎందుకు వర్తించలేదని పాఠకులు అడగవచ్చు. ఆయనకు ఆహార భద్రత కార్డు లేదు. తెలంగాణ పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం రెండు లక్షల రూపాయలు, గ్రామాల్లో లక్షన్నర దాటితే ఆ కార్డుకు అర్హత ఉండదు. అంటే పట్టణంలో నెలకు పదిహేడు వేలు సంపాదించే మనిషి, ప్రభుత్వ లెక్కలో, తన వైద్యం తాను చేయించుకోగల స్థోమతపరుడు! గుండె శస్త్రచికిత్స ఖర్చెంతో తెలిసినవారెవరూ ఈ లెక్కను ఒప్పుకోలేరు.

వచ్చిన దారి

ఆరోగ్యశ్రీ మన తెలుగు నేల మీద పుట్టిన పథకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమైంది. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేల రూపాయల వరకు చికిత్స ఉచితమన్నారు. మొదట ఒక ప్రైవేటు బీమా కంపెనీకి ప్రభుత్వమే ప్రీమియం చెల్లించి పథకాన్ని నడిపించింది. తరువాత ప్రభుత్వం నెలకొల్పిన ఆరోగ్యశ్రీ ట్రస్టే ఆసుపత్రులతో ఒప్పందాలు చేసుకుని, బిల్లులు పరిశీలించి, సొమ్ము చెల్లించే పద్ధతి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు తన ట్రస్టు ఏర్పడింది. 2023 డిసెంబరులో పరిమితి ఐదు లక్షల నుండి పది లక్షలకు పెరిగింది.

ఈ పథకం ఎందరో నిరుపేదల ప్రాణాలు నిలిపింది. దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అది ఇంత మేలు చేసింది గనుకనే దాని తలుపు ఇంకొంత విశాలంగా తెరవాలని కోరుతున్నాము.

ఆ తలుపుకు అవతల నిలబడినవారెవరు? ప్రభుత్వోద్యోగులకు వేరే పథకం ఉంది. నెలకు 21 వేల లోపు వేతనంతో నమోదైన సంస్థల్లో పనిచేసేవారికి ఈఎస్‌ఐ ఉంది. పెద్ద కంపెనీల ఉద్యోగులకు యాజమాన్యాలు బీమా చేయిస్తాయి. డెబ్బై ఏళ్లు దాటిన వృద్ధులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ భారత్ వర్తిస్తున్నది. ఇక మిగిలినవారు దర్జీలు, మెకానిక్కులు, పండ్ల వ్యాపారులు, ఆటో యజమానులు, ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు, మదరసా బోధకులు, ఇమాములు, ముఅజ్జిన్లు. కార్డుకు కాస్త పైన, బీమాకు చాలా కింద బ్రతుకుతున్న వీరు అన్ని మతాల్లోనూ ఉన్నారు. సొంత చేతిపనిమీదా చిన్న వ్యాపారం మీదా ఆధారపడిన మన ముస్లిం కుటుంబాల్లో ఇటువంటివారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు.

ప్రైవేటు బీమా ఉంది కదా అంటే

వీరు ప్రైవేటు బీమా కొనుక్కోవచ్చు కదా అనేవారున్నారు. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీని తొలగించారు. అది మంచి నిర్ణయమే. కానీ వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ముందునుంచీ ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు వేచి ఉండాలన్న షరతును నిబంధనలు అనుమతిస్తున్నాయి. షుగరు, బీపీ ఉన్న యాభై ఏళ్ల మనిషికి బీమా అత్యవసరమైన ఆ కాలంలోనే అది అందని పండవుతుంది. చెల్లింపు తగ్గేకొద్దీ కంపెనీకి లాభం మిగులుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పో కాదు, ఆ వ్యాపారపు స్వభావమే అది.

మన పాఠకులకు మరొక చిక్కు కూడా ఉంది. భీతిగల ముస్లిములు అనేకమంది వాణిజ్య బీమాను ధర్మసందేహంతో చూస్తారు. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ, నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమా ఒప్పందంలో 'గరర్', అంటే ఫలితం తెలియని అనిశ్చితి, తీవ్రంగా ఉన్నదనీ, అది ధర్మసమ్మతం కాదనీ తీర్మానించింది. పరస్పర సహాయం పునాదిగా నడిచే సహకార బీమా ధర్మసమ్మతమని అదే తీర్మానం పేర్కొన్నది. వివరాల్లో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఫత్వా చెప్పడం మా పని కాదు, సందేహమున్నవారు ముఫ్తీలను సంప్రదించాలి. అయితే ఒక విషయం గమనించాలి. లాభార్జన లేకుండా, ప్రజల పన్నులతోనూ చందాతోనూ, జబ్బు పడినవానిని అందరూ కలిసి ఆదుకునే ప్రభుత్వ పథకం ఆ సహకార భావనకు ఎంతో సమీపంలో ఉంటుంది. అటువంటి మార్గం అందుబాటులో లేకపోతే, మనస్సాక్షిని కాపాడుకోవాలనుకునే కుటుంబానికి మిగిలేది రుమాలే.

వైద్యాన్ని అందరి ఉమ్మడి బాధ్యతగా చూడడం మనకు కొత్త కాదు. ఖందక్ యుద్ధ సమయంలో దైవప్రవక్త (సఅసం) మస్జిదు ఆవరణలోనే గుడారం వేయించి, గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)కు అక్కడే పరిచర్య జరిపించారు. రుఫైదా (రజి) అనే మహిళ ఆ గుడారంలో క్షతగాత్రులకు సేవ చేశారు. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన మన్సూరీ ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతో నడుస్తూ, ధనిక పేద తారతమ్యం లేకుండా స్త్రీ పురుషులందరికీ చికిత్స చేసింది. అక్కడ రోగిని రోగిగానే చూశారు.

సాధ్యమేనా?

సాధ్యమే. చందా కట్టి ప్రభుత్వ ఆరోగ్య రక్షణ పొందడం మన దేశంలో 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం నుండీ ఉన్నదే. నేడు కార్మికుడు తన వేతనంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తే, ఆసుపత్రి చికిత్సతో పాటు రోజువారీ పరీక్షలూ మందులూ ఆ కుటుంబానికి లభిస్తాయి. యజమాని అంటూ లేని దర్జీకి ఆ దారి మూసి ఉంది, అంతే తేడా.

రాజస్థాన్ మరో అడుగు వేసింది. 2021 మేలో అక్కడ ప్రారంభమైన చిరంజీవి పథకంలో పేద కుటుంబాలకు చేరిక ఉచితంగా ఉండేది. ఇతర కుటుంబాలు ఏడాదికి 850 రూపాయలు కడితే సరిపోయేది, ఆదాయ ధ్రువపత్రం అడిగేవారు కాదు. 2023 మార్చిలో అదే రాష్ట్ర శాసనసభ ఆరోగ్య హక్కు చట్టాన్ని ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్ 2019లోనే ఆదాయ పరిమితిని ఏడాదికి ఐదు లక్షలకు పెంచింది. 2025 సెప్టెంబరులో అక్కడి మంత్రివర్గం కుటుంబాలన్నింటినీ చేర్చుకునే విధానాన్ని ఆమోదించింది. కానీ అందులో రెండున్నర లక్షల వరకు చికిత్సను బీమా కంపెనీల ద్వారా, ఆపై ఖర్చును ట్రస్టు ద్వారా నడపాలని నిర్ణయించింది. అందరినీ చేర్చుకోవడం హర్షణీయం. అయితే సామాన్యుని చికిత్సల్లో అధికభాగం ఆ రెండున్నర లక్షల లోపే ముగుస్తుంది. ఆ భాగాన్ని కంపెనీల చేతిలో పెట్టడం పట్ల ఆ రాష్ట్ర శాసనసభ్యులు అప్రమత్తంగా ఉండాలని మా మనవి.

తెలంగాణకు ట్రస్టు ఉంది, ఆసుపత్రుల వరుస ఉంది, ఆరోగ్యమిత్రలున్నారు, చికిత్సల ధరల పట్టిక ఉంది. కొత్తగా కట్టవలసిన భవనమేదీ లేదు.

అభ్యంతరాలు లేకపోలేదు. బకాయిలు పేరుకుపోయాయంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలు మనం చూశాము. గతంలో అనవసరంగా గర్భసంచి తొలగించే ఆపరేషన్లు చేశారన్న విమర్శలూ వచ్చాయి. ప్రభుత్వాసుపత్రులకు దక్కవలసిన సొమ్ము ప్రైవేటు ఆసుపత్రులకు తరలిపోతున్నదని అనుభవజ్ఞులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఇవన్నీ నిజమైన లోపాలే. వీటికి మందు పర్యవేక్షణ, సకాలంలో చెల్లింపు, ప్రభుత్వాసుపత్రుల బలోపేతం. కొత్తవారు చెల్లించే చందా ఖజానాపై భారాన్ని కొంత తగ్గిస్తుంది. అంతకుమించి, మధ్యతరగతి కూడా ఆ పథకంలో ఉన్నప్పుడు దాని లోపాలను నిలదీసే గొంతులు పెరుగుతాయి. కేవలం పేదల కోసమే ఉన్న సేవ క్రమంగా నాసిరకం సేవగా మారిపోవడం మన కళ్లముందున్న అనుభవమే.

శాసనసభ్యులను ఏమి కోరాలి?

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని విషయాలు. ఢిల్లీ వైపు చూడనవసరం లేదు. తెలంగాణ శాసనసభలోని 119 మంది సభ్యులు తలచుకుంటే చేయగలిగిన పని ఇది. వారిని మనం కోరవలసినవి ఐదు.

ఒకటి: కార్డు లేని ప్రతి కుటుంబానికీ, ఆదాయాన్ని బట్టి నిర్ణయించిన వార్షిక చందాతో, ఆరోగ్యశ్రీలో చేరే అవకాశం ఇవ్వాలి. చేరిక ఐచ్ఛికంగా ఉండాలి. ముందునుంచీ ఉన్న జబ్బుల పేరుతో ఎవరినీ తిరస్కరించరాదు.

రెండు: పథకాన్ని ట్రస్టే నేరుగా నడపాలి. చికిత్సకు అనుమతి ఇచ్చే నిర్ణయం లాభాపేక్ష గల సంస్థ చేతికి పోరాదు.

మూడు: ఆసుపత్రిలో చేరినప్పుడే కాక, షుగరు, బీపీ, ఉబ్బసం వంటి దీర్ఘకాలిక వ్యాధుల మందులకూ రక్షణ కల్పించాలి. జాతీయ ఆరోగ్య గణాంకాల ప్రకారం 2021-22లో దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు తమ జేబు నుండి పెట్టుకున్నదే. నెలనెలా మందుల దుకాణంలో పోసే సొమ్ము అందులో పెద్ద భాగం.

నాలుగు: ఆసుపత్రుల బిల్లులు చెల్లించడానికి గడువు విధించి, ఆ చెల్లింపుల వివరాలను ప్రజల ముందుంచాలి.

ఐదు: ఇదంతా ప్రభుత్వం మారితే మారిపోయే ఉత్తర్వుగా కాక, శాసనసభ ఆమోదించిన చట్టంగా ఉండాలి.

నేడు మన శాసనసభ్యులు ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కులు పంచుతూ ఫొటోల్లో కనిపిస్తున్నారు. ఆ సహాయాన్ని మేము చిన్నచూపు చూడడం లేదు. కానీ చెక్కు కోసం క్యాంపు కార్యాలయం చుట్టూ తిరిగే కుటుంబం అప్పటికే అప్పు చేసి ఉంటుంది. సిఫారసు ఉన్నవానికి దొరికి, లేనివానికి దొరకకపోవచ్చు. సాటి పౌరుణ్ణి అర్జీదారుగా నిలబెట్టే ఆ పద్ధతికి బదులు, ఆసుపత్రి కౌంటరు దగ్గర తన కార్డు చూపించి తలెత్తుకుని నిలబడే హక్కును శాసనసభలో సాధించిపెట్టమని మనం వారిని అడగాలి.

సోదర సోదరీమణులారా! ఇది ముస్లిముల కోరిక మాత్రమే కాదు, కాకూడదు కూడా. మీ వీధిలోని హిందూ, క్రైస్తవ సోదరులను వెంటబెట్టుకుని పది మందిగా మీ శాసనసభ్యుని వద్దకు వెళ్లండి. తెలుగులోనో ఉర్దూలోనో ఒక పుట మించకుండా వినతిపత్రం రాయండి. మీ వీధిలో ఆసుపత్రి ఖర్చుతో అప్పులపాలైన ఇళ్లెన్నో పేర్లు బయటపెట్టకుండా అందులో చెప్పండి. వచ్చే సమావేశాల్లో ఈ విషయాన్ని సభలో లేవనెత్తుతారా లేదా అని అడిగి, స్పష్టమైన సమాధానం తీసుకోండి. మహిళలు కూడా వెళ్లాలి. ఇంట్లో జబ్బు వస్తే మొదట ఎవరి నగలు తాకట్టుకు పోతాయో వారికి బాగా తెలుసు.

జకాతు, సదఖా మన విధులు, అవి ఎప్పటికీ నిలిచి ఉంటాయి. మస్జిదు గుమ్మంలో రుమాలు పరిచిన ప్రతిసారీ మనం వేస్తూనే ఉందాం. కానీ కుట్టుమిషన్ల మరమ్మతు చేసుకునే ఆ సోదరుడు ఇప్పుడు తన పాత దుకాణానికి ఎదురుగా, మరొకరి కొట్టులో కూలికి పనిచేస్తున్నారు. చిన్న చందా కట్టి చేరే మార్గం ఉండి ఉంటే ఆయన సంతోషంగా కట్టేవారు, ఆయన యంత్రాలు ఆయన దగ్గరే ఉండేవి. ఇంకో ఇంటికి ఆ స్థితి రాకముందే మన శాసనసభ్యుల తలుపు తట్టుదాం.